కుళాయి కోసం జీను

అమెరికాలో నవాహో ఆదివాసుల దేశంలోని గొర్రెచెవి లోయలో శ్రీమతి డెస్బా మెనీగోట్స్ గారి ఇంటికి సెప్టెంబరు మొదటి వారంలో కుళాయి నీరు వచ్చినట్టు చాప్టర్ అనే అక్కడి పంచాయతీవారు సగర్వంగా ప్రకటించారు. నీళ్ళు మాత్రం ఇంకా రాలేదు. నీళ్ళు రావడం వేరే శాఖ పని. నీళ్ళు వచ్చినట్టు చేయడం వరకే ఈ శాఖ బాధ్యత, దాన్ని వారు గడువులోపలే నెరవేర్చారు. ఏ దేశంలోనైనా గడువులోపల జరిగే పనులు ఇలాంటివే కాబట్టి పాఠకులు ఆశ్చర్యపోనక్కర్లేదు.

డెస్బా డెబ్బై దాటిన మనిషి. ఆవిడకు గొర్రెలున్నాయి, మగ్గముంది, తూర్పు గుమ్మం ఇల్లుంది, అదే ఆవరణలో రేకుల ఇంట్లో కాపురముంటున్న కూతురు వెర్నా ఉంది. వెర్నాకో మొగుడున్నాడు. పేరు లీలండ్, వృత్తి గొట్టాలు బిగించడం. ఆ లోయలో ఇల్లూ గొర్రెలూ ఆడవాళ్ళవి. పెళ్ళయ్యాక మగవాడు వచ్చి అత్తగారి పంచన చేరతాడు. అతని సొంతమని చెప్పుకోవడానికి ఒక టోపీ, ఒక జీను ఉంటే గొప్ప. లీలండ్‌కి గుర్రం లేదు కనుక జీను కూడా లేదు. పికప్ బండి ఉంది. దాని మీద పెద్ద ప్లాస్టిక్ ట్యాంకు కట్టుకుని, చాప్టర్‌వారిచ్చిన నీళ్ళ కార్డు జేబులో పెట్టుకుని, పట్నం చివరి నీళ్ళ గొట్టం దగ్గర వరసలో నిలబడి, నింపుకుని తెస్తాడు. ఆ దారిన పాలు తెస్తే ఇంటికొచ్చేసరికి వెన్నవుతుంది.

గుట్ట ఎక్కగానే లీలండ్ హారన్ కొడతాడు. కొట్టగానే డెస్బా చేతిలో పని అక్కడే వదిలేసి గదిలో వేలాడే దుప్పటి వెనక్కి వెళ్ళిపోతుంది. అల్లుడు అత్తగారి మొహం చూడకూడదు, అత్తగారు అల్లుడి మొహం చూడకూడదు. చూస్తే కళ్ళు పోతాయి. అక్కడి భాషలో అత్తగారికి పేరే చూడకూడని మనిషి అని. మన వైపు కూడా ఇలాంటి పేరు పెట్టదగిన అత్తగార్లు లేకపోలేదు గానీ, మనం దాన్ని ఆచారం దాకా తీసుకెళ్ళలేకపోయాం.

ఈ ఏర్పాటువల్ల వాళ్ళిద్దరి మధ్య పెళ్ళినాటి నుంచి ఈనాటి వరకు ఒక్క పోట్లాట లేదు. లీలండ్‌కి అత్తగారంటే ప్రాణం. ఆవిడ ఎలా ఉంటుందో తెలియకపోవడం దానికి కొంత కారణం కావచ్చు. మాట్లాడుకోవలసి వస్తే గుమ్మంలో పడుకునే కుక్కతో మాట్లాడతారు. దాని పేరు బిస్కెట్.

"బిస్కెట్, పీపా అడుగున ఇసకొచ్చిందే. తెచ్చినాయన కునికిపాట్లు పడుతూ పట్టాడేమో అడుగు" అంటుంది దుప్పటి.

"బిస్కెట్, పట్నం గొట్టంలోనే ఇసకొస్తోందని చెప్పు. ఈసారి జల్లెడ పట్టుకెళ్తాలే అను" అంటుంది గుమ్మం బయట నుంచి టోపీ.

కుక్క ఇద్దరి మాటా విని, ఎవరి పక్షమూ వహించకుండా తోక ఊపేది. ఆ లోయలో నిష్పక్షపాతంగా పనిచేసే కార్యాలయం అదొక్కటే.

ఇక నీటి పథకం సంగతి. అది డెస్బా నడివయసులో మొదలయింది. ఏడాదికో బృందం వచ్చి కొలిచి వెళ్ళేది. నేల కొలిచేవాళ్ళు, గాలి కొలిచేవాళ్ళు, పక్షులు లెక్కపెట్టేవాళ్ళు వచ్చారు. గుమ్మంలోకి వచ్చినవాణ్ణి ఎండిన గొంతుతో పంపితే ఇంటికి అరిష్టం కాబట్టి డెస్బా అందరికీ కాఫీ కాచి పోసింది, మాంసం పులుసు పెట్టింది, చేతులు కడుక్కోవడానికి నీళ్ళిచ్చింది. ఆ విధంగా ఆవిడకు నీళ్ళు ఎలా ఇవ్వాలా అని ఆలోచించడానికి ప్రభుత్వం ఆవిడ నీళ్ళే తాగింది. ఒక పురావస్తు పండితుడైతే ఇంటి వెనక పగిలిన పింగాణీ ముక్కొకటి ఏరి, ఇది ప్రాచీన జనావాసమని తేల్చి, గొట్టం దారి మళ్ళించాడు. అది అంతకు ముందేడాది వెర్నా చేయిజారి పగిలిన కప్పు. డెస్బా ఆ మాట చెప్పబోయి, చదువుకున్నవాడి ఉత్సాహం మీద నీళ్ళు పోయడం మర్యాద కాదని ఊరుకుంది. పైగా అందుకూ నీళ్ళు కావాలి.

ఇదంతా చూసి, ఆ ప్రాంతంలో నీళ్ళు లేవని అపార్థం చేసుకోకూడదు. గుట్ట కింద నుంచి మనిషి నిటారుగా నడిచిపోగలిగినంత గొట్టం ఒకటి ఎప్పుడో వేశారు. అది దూరపు నగరంలో పెద్దమనుషులు బంతి కొట్టుకునే పచ్చిక బయళ్ళకు పోతుంది. పచ్చికకు బంధువులూ ఆచారాలూ ఉండవు గనుక పని చకచకా సాగింది. లోయవాళ్ళకు మాత్రం వేరే బావి తవ్వారు. నీళ్ళు పడ్డాయి. పాతకాలపు గనుల దయవల్ల అందులో యురేనియం కూడా పడింది. దాన్ని వడకట్టే యంత్రం కోసం ఇంకో పథకం రాశారు. ఈలోగా మొదటి పథకం డబ్బు సెప్టెంబరు ముప్పైతో మురిగిపోతుంది. అందుకని ముందు ఇళ్ళలో కుళాయిలు పెట్టేశారు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అని మనవాళ్ళు వేళాకోళానికి అన్న మాట అక్కడ కార్యక్రమ ప్రణాళిక అయింది.

స్థానికులకే పని ఇవ్వాలన్న నియమం ప్రకారం డెస్బా ఇంట్లో కుళాయి బిగించింది లీలండే. ఆవిడ గొర్రెలు తోలుకుపోయిన వేళ చూసి వచ్చి, తళతళలాడే తొట్టి, కుళాయి, స్నానాల గది అమర్చాడు. ఆవిడ సాయంత్రం వచ్చి కుళాయి తిప్పి చూసింది. లోపల నుంచి గాలి ఒక్కసారి నిట్టూర్చి ఊరుకుంది.

"బిస్కెట్, పనితనం బాగుందని చెప్పు. మన ఇంట్లో గాలి ఇంత శుభ్రంగా ఎప్పుడూ రాలేదు" అంది డెస్బా.

ప్రారంభోత్సవం రోజు లోయంతా వచ్చింది. వాషింగ్టన్ నుంచి ముగింపు అధికారి ప్రెస్కాట్ గారు వచ్చారు. పథకాలు మొదలుపెట్టడానికి వేరే అధికారులుంటారు, ఈయన ముగించడానికి మాత్రమే వస్తారు. కుళాయిలో నీళ్ళు కనబడకపోతే బాగుండదని చాప్టర్ అధ్యక్షుడు హారిసన్ అటకాయ్ ముందే ఆలోచించి, లీలండ్ ఆ రోజే తెచ్చిన ట్యాంకును ఇంటి వెనక దిబ్బ మీదికి ఎక్కించి, రబ్బరు గొట్టంతో కుళాయికి కలిపించాడు. అవి డెస్బాకీ, గొర్రెలకీ ఆ వారం గడవాల్సిన నీళ్ళు.

హారిసన్ ఉపన్యాసం వంశాలతో మొదలయింది, అక్కడ ఎవరైనా అలాగే మొదలుపెట్టాలి. "నేను పెద్దనీళ్ళ వంశంవాణ్ణి. నీళ్ళకలయిక వంశానికి పుట్టాను. మా అమ్మ తండ్రిది నీటిఒడ్డు వంశం, మా నాన్న తండ్రిది చేదునీళ్ళ వంశం. ఈ ఇంటావిడదీ అదే వంశం కనుక నాకు వరసకు నాయనమ్మ, ఆవిడదీ మాదీ ఒకటే రక్తం. నాలుగు వైపులా నీళ్ళున్న మనిషిని నేను. నీళ్ళ కోసం నేను పడిన తపన మీకు వేరే చెప్పాలా? ఈ రోజు నుంచి మన నాయనమ్మ బిందె ముట్టుకోదు. పీపా చూడదు. చరిత్ర ఈ తొట్టిలో ప్రవహిస్తుంది."

ప్రెస్కాట్ గారు కుళాయి తిప్పారు. నీళ్ళు ధారగా వచ్చాయి. అందరూ చప్పట్లు కొట్టారు. ఫొటో సరిగా రాలేదని మళ్ళీ తిప్పారు, వెనకనున్న వాళ్ళకు కనబడలేదని మళ్ళీ తిప్పారు, పిల్లలు అడిగారని ఇంకోసారి తిప్పారు. దుప్పటి వెనక నిలబడ్డ డెస్బాకి చప్పుడు మాత్రం వినిపిస్తోంది. తన వారం రోజుల నీళ్ళు తొట్టి కన్నంలోంచి గుడగుడమని దిగిపోతుంటే ఆవిడ ఎన్ని బిందెలు పోయాయో లెక్కపెట్టుకుంది.

ఆమె దుప్పటి వెనక ఎందుకుందంటే, లీలండ్ ఇవతల ఉన్నాడు. ఉండాలి కూడా. ముగింపు పత్రంలో ఒక నిబంధన ఉంది. గృహస్థురాలూ, కుళాయి బిగించిన పనివాడూ ఎదురెదురుగా నిలబడి, ఒకరినొకరు చూసుకుని, పారే నీటిని కలిసి చూసి సంతకం చేయవలెను. ఎక్కడో ఎవడో లేని ఇంట్లో లేని కుళాయి బిగించి డబ్బు తీసుకున్నాడట. అప్పటి నుంచి ఉన్నవాళ్ళు ఇలా నిలబడాల్సి వస్తోంది.

"ఆవిణ్ణి బయటకు రమ్మనండి" అన్నారు ప్రెస్కాట్ గారు.

"రాదండీ" అన్నాడు హారిసన్.

"ఆయన్ని లోపలికి పంపండి."

"పోడండీ. అత్తా అల్లుళ్ళు."

ప్రెస్కాట్ గారికి విషయం చెప్పడానికి కొంతసేపు పట్టింది. ఆయన ఆచారాలంటే గౌరవమున్న మనిషి, వాటి మీద శిక్షణ కూడా తీసుకున్నారు. ఇద్దరూ దుప్పటికి చెరోపక్క నిలబడితే సరిపోతుందా అని తానే అడిగి, సరిపోదని తానే తేల్చారు. అద్దంలో చూసుకోవచ్చేమో కనుక్కోమన్నారు. లోయ పెద్ద ఒకాయన్ని అడిగితే, అద్దం ఎవరిదైనా చూసే కన్ను నీదే కదా అన్నాడు. హారిసన్ ఎవరి దగ్గరో నల్లకళ్ళజోళ్ళు రెండు అడిగి తెచ్చాడు.

"నల్లద్దాలు పెట్టినంత మాత్రాన అల్లుడు మేనల్లుడైపోతాడా, హారిసన్? నీ కళ్ళజోడు నువ్వే పెట్టుకో" అంది డెస్బా లోపల నుంచి.

"మీరూ ఇక్కడివాళ్ళే కదా, మీరు మీ అత్తగారిని చూడరా?" అని ప్రెస్కాట్ గారు హారిసన్‌ను నిలదీశారు.

"నేను ఆధునికుణ్ణండీ, చూస్తాను. అందుకే సైటొచ్చింది" అన్నాడు హారిసన్ నిజాయితీగా.

సంతకాలు పడలేదు. ఉత్సవం అయిపోయింది, జనం వెళ్ళిపోయారు, ట్యాంకు ఖాళీ అయింది. మర్నాడు లీలండ్ నీళ్ళకు వెళితే గొట్టం దగ్గరి గుమాస్తా కార్డు తీసుకుని సొరుగులో వేసుకున్నాడు. కుళాయి ఉన్న ఇంటికి కార్డు చెల్లదు. కానీ కుళాయి ఉన్నట్టు సంతకం పడలేదు కదా అంటే, అయితే అది పరిశీలనలో ఉన్న ఇల్లు, పరిశీలన తేలేదాకా అసలే చెల్లదు అన్నాడు. నీళ్ళున్న ఇంటికి కుళాయి, లేని ఇంటికి కార్డు. ఉన్నట్టో లేనట్టో తేలని ఇంటికి ఓపిక పట్టమని ఒక కరపత్రం ఇచ్చాడు.

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. ఇరుగుపొరుగు తలో బకెట్టూ ఇచ్చారు. కానీ వాళ్ళిళ్ళలోనూ కుళాయిలు వచ్చేశాయి. వాళ్ళు అల్లుళ్ళతో బిగించుకోలేదు కనుక సంతకాలు పెట్టేసి కార్డులు పోగొట్టుకుని కూర్చున్నారు. గొర్రెలు తొట్టి చుట్టూ మూగి అరుస్తున్నాయి. వాటి అరుపు వింటుంటే డెస్బాకి ముద్ద దిగలేదు. ఇలాగే సాగితే గొర్రెల్ని అమ్మేయాలి, ఇంటికి తాళం వేసి పట్నంలో ఏ చెల్లెలి గదిలోనో పడుండాలి. తల్లి ఇచ్చిన గొర్రెలవి. వాటిని అమ్ముకుని బతికే రోజు రాకముందే తనను తీసుకుపొమ్మని ఆవిడ తెల్లవారుజామున తూర్పుకు తిరిగి మొక్కుకుంది.

వారం తిరక్కుండా ప్రెస్కాట్ గారు, హారిసన్ మళ్ళీ వచ్చారు. ప్రెస్కాట్ గారి మొహం వెలిగిపోతోంది. ఆచారంవల్ల వచ్చిన చిక్కును ఆచారంతోనే విప్పాలని ఆయన శాఖలో తీర్మానించారట. ఆ లోయలో భార్యకు మొగుడు వద్దనిపిస్తే కోర్టుకు పోనక్కర్లేదు, అతని జీను తీసి గుమ్మం బయట పెడితే చాలు. సాయంత్రం వచ్చినవాడు జీను చూసి, భుజాన వేసుకుని పోతాడు. లీలండ్ అల్లుడు కాకపోతే డెస్బా అత్తగారు కాదు. అత్తగారు కాకపోతే అడ్డం లేదు.

వెర్నాకి మొదట నవ్వొచ్చింది, తర్వాత ఒళ్ళు మండింది. "కుళాయి కోసం మొగుణ్ణి వదిలెయ్యమంటావేంటి, హారిసన్? రేపు కరెంటు దీపం ఇస్తానని పిల్లల్ని అడుగుతావా?"

"పేరుకేనమ్మా. కాగితం మీద. ఈ పథకం మూసుకోకపోతే మొత్తం లోయ డబ్బు వెనక్కి పోతుంది. నీ కాపురం కోసం లోయంతా ఎండాలా?" అన్నాడు హారిసన్. లోయ ఇప్పటికే ఎండి ఉందన్న సంగతి ఆ ఆవేశంలో ఎవరికీ తట్టలేదు.

గుమ్మం బయట లీలండ్ టోపీ తిప్పుకుంటూ నిలబడ్డాడు. "బిస్కెట్, నేను ఈ ఇంటికి ఏం తక్కువ చేశానో అడుగు" అన్నాడు.

దుప్పటి వెనక నుంచి డెస్బా మాట వినిపించింది. "హారిసన్, ఆ దొరగారిని ఒక మాట అడుగు. మొగుడూపెళ్ళాం విడిపోతే ఈ ఇల్లెవరిది?"

"నీదే నాయనమ్మా. మన ఆచారంలో ఇల్లు ఆడదానిదే."

"మరి అతనికి?"

"ఏముంటుంది? ఏమీ ఉండదు."

"ఇల్లే లేని మనిషికి నీళ్ళ కార్డు ఇస్తారా, ఇవ్వరా? అడుగు."

ప్రెస్కాట్ గారు ఉత్సాహంగా తలూపారు. నిలువ నీడ లేనివాడికి అందరికన్నా ముందిస్తాం, పెద్ద కార్డిస్తాం, వరసలో కూడా నిలబడనక్కర్లేదు, అది మానవతా విభాగం అన్నారు. తన ప్రభుత్వంలో అలాంటి విభాగం ఉన్నందుకు ఆయన కళ్ళు చెమర్చాయి.

"అయితే జీను తెండి" అంది డెస్బా.

జీను లేదు. మామూలుగానైతే లీలండ్ పానాల పెట్టె బయట పెట్టినా సరిపోయేది. కానీ శాఖ తీర్మానంలో జీను అని రాశారు గనుక జీనే ఉండాలి. శాఖవారు టెండర్లు పిలిచి, పోల్చి, తోలు నాణ్యత పరీక్షించి, ఒక కొత్త జీను కొన్నారు. ఎన్నో ఏళ్ళుగా గొట్టం ఎక్కలేని ఆ గుట్ట ఎక్కి ప్రభుత్వ వాహనం జీనుతో సహా గుమ్మం ముందు ఆగింది. వెర్నా దాన్ని రెండు చేతులా ఎత్తి బయట పెట్టింది. పెడుతూ మొగుడి వంక చూసి, "రాత్రికి పులుసు చేస్తా, తొందరగా రా" అంది. ఆ మాట కార్యక్రమ నివేదికలో చేర్చలేదు.

విడాకులయ్యాక కూడా డెస్బా దుప్పటి దాటలేదు, లీలండ్ గుమ్మం దాటలేదు. కాగితం మీ ఇష్టం, కళ్ళు మావి అంది ఆవిడ. ప్రెస్కాట్ గారు ఈసారి కంగారు పడలేదు. పరస్పర సంబంధం లేని వ్యక్తుల మధ్య చూపుకు చట్టపరమైన ఆటంకం లేదు గనుక చూసుకున్నట్టుగానే భావించడమైనది అని రాసి, ఇద్దరి దగ్గరా విడివిడిగా సంతకాలు పుచ్చుకున్నారు. పారే నీటిని కూడా అదే పద్ధతిలో చూసినట్టు భావించారు. పథకం ముగిసింది. ఆయన విమానం ఎక్కి ఇంకో పథకం ముగించడానికి వెళ్ళారు.

నిరాశ్రయుడు లీలండ్ మర్నాడే పెద్ద కార్డు తెచ్చుకున్నాడు. ట్యాంకు నింపుకుని గుట్ట ఎక్కి హారన్ కొట్టాడు. గొర్రెలు తొట్టి దగ్గర ఒకదాన్నొకటి తోసుకుంటూ తాగాయి. డెస్బా దుప్పటి వెనక నిలబడి ఆ చప్పుడు విన్నది, శాలువా కొసతో కళ్ళు తుడుచుకున్నది.

"బిస్కెట్, పొరుగింటి మగాడికి దండాలు చెప్పు" అంది.

కార్డు వార్త లోయలో దాగలేదు. కుళాయి తిప్పితే గాలి తప్ప రాని ఇళ్ళవాళ్ళు ఒక్కొక్కరే వచ్చి వెర్నాను జీను అరువడిగారు. అది ఈ గుమ్మం ముందు ఒకరోజు, ఆ గుమ్మం ముందొకరోజు ఉంటూ లోయంతా తిరిగింది. మొగుళ్ళందరూ నిరాశ్రయులై, పెద్ద కార్డులు పట్టుకుని, భార్యలు వండిన రొట్టె మూట కట్టుకుని నీళ్ళకు బయల్దేరారు. పెళ్ళికాని ఆడపిల్లల తల్లులు, రేపు విడాకులివ్వడానికైనా ఒక మొగుడుండాలి కదా అని సంబంధాలు తొందరపెట్టారు. ఆ ఏడు గొర్రెచెవి లోయలో జరిగినన్ని పెళ్ళిళ్ళు మునుపెన్నడూ జరగలేదు.

రెండేళ్ళ తర్వాత ఒక విశ్వవిద్యాలయ పండితురాలు వచ్చి గణాంకాలు తీసింది. కుళాయిలు రాకముందు ఆ లోయలో విడాకులు దాదాపు లేవు. కుళాయిలు వచ్చిన ఏడాదికి కాపురమున్న ఇల్లు దాదాపు లేదు. ఆవిడ చాలా బాధపడి, పెద్ద గ్రంథం రాసింది. ఇంట్లోకి నీళ్ళు రాగానే కుటుంబం విచ్ఛిన్నమవుతుందనీ, నీళ్ళ కోసం కలిసి పడిన కష్టమే ఆ జాతిని కట్టి ఉంచిందనీ, కాబట్టి మిగిలిన లోయలకు ఈ ప్రమాదం తలపెట్టే ముందు లోతుగా ఆలోచించాలనీ అందులో ఉంది. ప్రభుత్వం లోతుగా ఆలోచించింది. వడకట్టే యంత్రం మానుకుంది. మిగిలిన నీళ్ళు పచ్చిక బయళ్ళకు పంపింది, అక్కడ విచ్ఛిన్నం కావడానికి కుటుంబాలు లేవు గనుక.

ఆ గ్రంథం సారాంశం మొన్న ఆదివారం మన తెలుగు పత్రికలో కూడా వచ్చింది. మా వీధి చివర మేడలో ఉండే పెద్దాయన అరుగు మీద కూర్చుని దాన్ని పైకి చదివి వినిపించి, కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "చూశారా, నేను చెబితే విన్నారు కాదు. ఆడవాళ్ళు రెండు మైళ్ళు నడిచి బిందెలు మోసిన రోజుల్లో కాపురాలు ఎంత గట్టిగా ఉండేవి" అన్నారు. వింటున్నవాళ్ళందరం అవునవునన్నాం. ఆయన పత్రిక మడిచి, వేణ్ణీళ్ళు తోడారా లేదా అని లోపలికి కేకేశారు.